ఇనుము తినే కరెంటు

సోమవారం పొద్దున పదకొండింటికి వాట్‌మీటరు ముల్లు మూడు వందల నలభై దగ్గర ఆగి, ఇక కదలనని మొండికేసింది. మీటరమ్మ గాజు మీద గోటితో రెండుసార్లు తట్టింది. ముల్లు చిన్నగా వణికి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆమె స్విచ్చు కట్టేసి, తీగలన్నీ విప్పి, కొనలు గుడ్డతో తుడిచి, తిరిగి బిగించి స్విచ్చు వేసింది. మూడు వందల నలభై రెండు. తుడిచిన పుణ్యానికి ఇంకో రెండు పెరిగాయి.

ఆ షెడ్డుకు వచ్చే ట్రాన్స్‌ఫార్మర్లన్నీ కాలిపోయినవే. పిడుగు పడో, నూనె కారిపోయో, వేసవిలో వీధి మొత్తం ఒకేసారి మీద పడో, లోపలి తీగచుట్టలు మాడి లారీల మీద వస్తాయి. కొత్త చుట్టలు వేసి, కొత్త నూనె పోసి, రంగు కొట్టి తిరిగి కరెంటాఫీసుకు పంపుతారు. పంపేముందు ప్రతి ఒక్కటీ ఈ చిన్న గదిలో ఈమె ముందు నిలబడాలి. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ, అది చదివే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మీటరమ్మే.

పనిలో కొత్తగా చేరినవాళ్ళకు ఆమె మొదటిరోజే ఒక సంగతి చెప్పేది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు రకాలుగా కరెంటు తింటుంది. ఒకటి రాగి తినేది. జనం వాడేకొద్దీ తీగచుట్టలు వేడెక్కుతాయి, వాడకం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, జనం పడుకుంటే అదీ పడుకుంటుంది. పని చేసినవాడి ఆకలి అది, తప్పు పట్టడానికి లేదు. రెండోది ఇనుము తినేది. అవతల ఒక్క బల్బు వెలక్కపోయినా, వీధి వీధంతా తాళాలేసుకుని ఊళ్ళకు పోయినా, స్తంభం మీద తగిలించిన క్షణం నుంచి దింపేదాకా పగలూ రాత్రీ తింటూనే ఉంటుంది. ఆ రెండోదానికి కరెంటాఫీసు పెట్టిన హద్దు మూడు వందల వాట్లు. ఓ నలభై ఎక్కువైతే ఏమైందమ్మా, ఒక బల్బేగా, అంటారు కొందరు. ఎవరూ లేని గదిలో, ఆర్పడానికి స్విచ్చు లేకుండా, ఇరవై ఏళ్ళు వెలిగే బల్బు, అని ఆమె జవాబు.

ఈ నెల ఒకే సైజువి ఆరు వచ్చాయి. లోపలి రేకులు ఎవరు పేర్చారో వాళ్ళ నంబరు ట్యాగు మీద ఉంటుంది. మూడింటికి నాలుగో నంబరు ట్యాగు ఉంది. వాటి లెక్క రెండు వందల అరవైకి అటూ ఇటూ, ముచ్చటగా వచ్చింది. మిగిలిన మూడింటికి ఒకటో నంబరు ట్యాగు. మూడు వందల నలభై రెండు, మూడు వందల యాభై రెండు, మూడు వందల ముప్ఫై ఎనిమిది. ఒకటో నంబరు అంటే, షెడ్డులో అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి మేస్త్రీ. ఆయన మీటరమ్మకు స్వయానా మావగారు.

ఆయన పని కోరు కట్టడం. ట్రాన్స్‌ఫార్మర్ కడుపులో ఇనప కోరు ఉంటుంది. మూడు నిలువు కాళ్ళు, కింద ఒక పట్టె, పైన ఒక పట్టె, అన్నీ పోస్టుకార్డు మందం రేకులతో పేర్చినవి. కాళ్ళకు కొత్త చుట్టలు తొడగాలంటే పై పట్టె రేకుల్ని ఒక్కొక్కటే వందల కొద్దీ ఊడదీసి, తొడిగాక మళ్ళీ ఒక్కొక్కటే దూర్చాలి. మూలల్లో రేకూ రేకూ కలిసేచోట గోరు కూడా పట్టకూడదు. అక్కడ సందు మిగిలితే ఇనుము పడే శ్రమంతా వాట్లయి ఖర్చవుతుంది. రేకు మీద ఇనప సుత్తి అసలు పడకూడదు, కర్ర సుత్తే వాడాలి. దెబ్బ తిన్న రేకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల గుణం పోతుంది, అంచు నలిగి పక్కదానికి అంటుకుంటుంది. ఇవన్నీ మీటరమ్మకు నేర్పింది మావగారే. "రేకును కొడితే అలుగుతుందమ్మా. ఆ అలక తీర్చడం నీవల్లా కాదు, నావల్లా కాదు" అనేవారు.

మూడోసారి స్విచ్చు వేసి ఉండగా ఆయనే గదిలోకి వచ్చారు. అది ఆయనకు అలవాటు. వచ్చి, సన్నగా గుయ్యిమంటున్న ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "రెండొందల యాభై" అనేవారు. ఆపైన ముల్లు చూసి నవ్వుకునేవారు. ఈరోజు అరచెయ్యి పెట్టారు, తీసేశారు. వంగి ట్యాంకుకు చెంప ఆనించారు. అలా కాసేపు ఉండి లేచారు.

"ఎంతొచ్చిందమ్మా?"

"ఇంకా చూస్తున్నాను మావయ్యా."

"ఊఁ" అన్నారు. ముల్లు వైపు చూడకుండానే వెళ్ళిపోయారు. మీటరమ్మ చూసిన అంకెలు చూసినట్టే కాగితం మీద వేసింది గానీ, ఆ చెంప ఆనించడం మాత్రం ఆమెకు సాయంత్రం దాకా మనసులోంచి పోలేదు.

ఇంట్లో ఆ వారం ఇద్దరే. ఆమె భర్త లారీ తోలుకుంటూ పోయాడు, పది రోజులకు గానీ రాడు. సాయంత్రం ఆమె పొయ్యి మీంచి దించిన టీని అలాగే స్టీలు గ్లాసులో పోసి, కొంగుతో పట్టుకుని తెచ్చి, బల్ల మీద పెట్టబోయింది. మావగారు చెయ్యి చాపి గ్లాసును నడుమ పట్టుకుని అందుకున్నారు. పట్టుకుని, వీధి కుళాయి గురించి మాట్లాడుతూ కూర్చున్నారు. ఆవిరి ఆయన గడ్డానికి తగులుతోంది.

"కాలట్లేదా మావయ్యా?"

"చల్లారిందిలే."

చల్లారలేదు. కొంగు అడ్డం ఉన్నా ఆమె వేలు ఇంకా చురుక్కుమంటోంది. ఆయన గ్లాసు దించాక అరచేతిలో ఎర్రగా గుండ్రటి మచ్చ కనిపించింది, దాని పక్కనే మానిన పాత బొబ్బ ఒకటి. ఆరు నెలలుగా మావగారు గుండీల చొక్కాలు మానేసి తలమీంచి తొడుక్కునేవే వేసుకుంటున్నారు. ఉక్కగా ఉంటోందన్నారు. బజారుకు వెళ్ళినప్పుడు చిల్లర తీయడానికి సంచీ ఆమె చేతికే ఇస్తున్నారు. కళ్ళు ఆనట్లేదన్నారు. ఇవన్నీ ఇన్నాళ్ళూ కళ్ళెదుటే జరిగాయి. వాట్లకు వాట్లు కొలిచే మనిషికి ఇంట్లో సంగతి తెలియలేదు. తన మీద తనకే చిరాకేసింది.

*

ఓనరు చెడ్డవాడు కాదు, వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈ షెడ్డు మొదలుపెట్టినప్పుడు ఆయనకున్నది ఒక గొలుసు కప్పీ, ఒక పెద్దాయన. ఇప్పుడు ముప్ఫై మంది ఉన్నా, పెద్దాయన గదిలోకి వస్తే ఓనరే లేచి కుర్చీ చూపిస్తాడు.

మంగళవారం పొద్దున్నే మీటరమ్మకు పిలుపు వచ్చింది. బల్ల మీద ఆమె రాసిన కాగితం ఉంది.

"ఏంటమ్మాయ్ ఇది? ఒకటో నంబరుకి మూడొందల యాభై రెండా?"

"మూడుసార్లు చూశాను సార్."

"నీ మీటరుని నేనేమీ అనట్లేదు. మీటరు అబద్ధం చెప్పదని నువ్వే అంటుంటావుగా. ట్యాగులే అటువి ఇటు పడ్డాయి. పెద్దాయన చేతిలో ఇన్నేళ్ళలో ఒక్కటి రెండొందల డెబ్భై దాటిందా, నువ్వే చెప్పు."

దాటలేదు. ఆమె అదే చెప్పింది.

"మరింకేం. నాలుగో నంబరువి ఇవి. ఒకటో నంబరువి అవి." ఆయన ఎర్ర పెన్నుతో నిలువు గడిలో ఒకట్లను నాలుగులు చేశాడు, నాలుగులను ఒకట్లు చేశాడు. "పోయిన నెల నువ్వు సెలవులో ఉండగా పరీక్ష చేయకుండానే పంపినవాటిలో రెండు హద్దు దాటాయని ఆఫీసు నుంచి మొన్ననే అక్షింతలు పడ్డాయి. బాధ్యుడెవరో, ఏం చర్య తీసుకున్నామో రేపటికల్లా రాసి పంపమన్నారు. లేకపోతే ఇక పని ఇవ్వరు. వాణ్ణి పిలువు."

నాలుగో నంబరు మనిషికి షెడ్డులో పెట్టిన పేరు తాబేలు. పెద్దాయన రెండు పట్టెలు పేర్చేలోపు అతను ఒకటి పేరుస్తాడు. ప్రతి రేకునూ వేలితో అంచు పొడవునా తడిమి, గరుకు తగిలితే ఆకురాయితో నున్నగా చేసి గానీ దూర్చడు. నోట్లో నాలుక లేని మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"నావి కావు సార్" అన్నాడు అంతా విని. "నేను రేకు రేకూ చేత్తో చూసుకునే పెడతాను. ఆలస్యం అవుతోందని మీరే తిడతారు."

"ఆలస్యం చేసి కూడా ఇదేనా మరి?"

"మీటరమ్మగారిని అడగండి సార్. ట్యాగులు కట్టింది ఆవిడే. నేను పక్కనే నిలబడి ఉన్నా. నావి మూడూ గోడవైపు ఉన్నాయి."

గోడవైపే ఉన్నాయి. ఆమెకు బాగా గుర్తుంది. మూడో దానికి ట్యాగు కడుతుంటే దారం తెగితే, తాబేలే తన సంచీలోంచి కొత్త దారం తీసి ఇచ్చాడు. బయట షెడ్డులో మావగారు ఏదో అంచు ఆకురాయితో రాస్తున్నారు, ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. తలుపు తెరిచే ఉంది. మావగారికి చేతులు పోయినా చెవులు పోలేదు. చప్పుడు ఎంతకీ మొదలవలేదు.

"గుర్తు లేదు సార్" అంది మీటరమ్మ.

తాబేలు ఆమెవైపు చూశాడు. అందులో కోపం ఉంటే ఆమె తట్టుకునేదేమో. కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. మీటరే తప్పు చూపిస్తే చూసినట్టు చూశాడు.

"పిల్ల బడి సంవత్సరం మధ్యలో ఉంది సార్" అన్నాడు ఓనరుతో. అంతకుమించి వాదించడం అతనికి రాదు. ఓనరు కూడా బాధగానే, రేపట్నుంచి రావద్దన్నాడు. బయట ఆకురాయి చప్పుడు మళ్ళీ మొదలైంది. మీటరమ్మ తన గదిలోకి వచ్చి, ఏ ట్రాన్స్‌ఫార్మరూ తగిలించకుండానే స్విచ్చు వేసి, కట్టేసి, ఏం చేస్తున్నానో తెలియక స్టూలు మీద కూలబడింది. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

*

"విన్నాను" అన్నారు మావగారు ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే.

"ఎప్పట్నుంచి మావయ్యా?"

ఏమిటని ఆయన అడగలేదు. మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నారు, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుల్లా. "చలికి ముందు నుంచి. మొదట్లో చీమలు పాకినట్టుండేది. ఆ తర్వాత చీమలు కూడా రావడం మానేశాయి. డాక్టరు షుగరన్నాడు. నరాలు పోయాయి, వెనక్కి రావన్నాడు."

"నాకు చెబితే ఏం పోయింది?"

"చెబితే నువ్వు ఆ మీటరు ముందు కూర్చుని ఏం రాస్తావు? నిజం రాస్తే నన్ను పంపించేస్తారు. అబద్ధం రాస్తే నువ్వు నువ్వు కాకుండా పోతావు. ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నా."

ఊరుకున్నందుకు రెండోదే జరిగిందని ఆమె అనలేదు. ఆయనకూ తెలుసు.

"రేకుల మీద ఇనప సుత్తి వాడారా?"

"కర్రదాంతో కొడితే రేకు కూర్చుందో లేదో వేలితో చూడాలి. వేలికి తెలియట్లేదు. ఇనపదైతే మోత వినపడుతుంది. సందుంటే ఒక మోత, లేకపోతే ఇంకోటి. చెవితో పేర్చానమ్మా. బాగానే వినపడుతోందనుకున్నా. నిన్న నీ గదిలో చెంప పెట్టి చూస్తే గుయ్యిమని ఒకటే రొద. అప్పుడే తెలిసింది."

ముప్ఫై మందికి ఇనప సుత్తి ముట్టుకోవద్దని నేర్పిన మనిషి, రెండు నెలలుగా దాంతోనే రేకుల్ని బాదారు. ఆయన్ను ఆ మంచం మీద చూస్తుంటే మీటరమ్మకు తిట్టబుద్ధి వేయలేదు, ఓదార్చబుద్ధీ వేయలేదు.

"రేపు నేనే వెళ్ళి చెప్పేస్తాను" అన్నారాయన. "వాడి కూతురు మన వీధి చివర బడికే వస్తుంది. రోజూ కనిపిస్తుంది."

బుధవారం ఆయన ఓనరు గదిలోకి వెళ్ళడం ఆమె తన గది అద్దంలోంచి చూసింది. కుర్చీ వేశారు. మావగారు చేతులు చూపించి మాట్లాడుతున్నారు. ఓనరు మొదట గంభీరంగా విన్నాడు, తర్వాత నవ్వాడు, బల్ల ఇవతలికి వచ్చి ఆయన భుజం తట్టాడు. మావగారు బయటికొచ్చి నేరుగా ఆమె దగ్గరకే వచ్చారు.

"నమ్మలేదమ్మా."

"నమ్మకపోవడం ఏంటి?"

"వాడి ఉద్యోగం కోసం మీ చేతుల్ని మీరే తిట్టుకుంటున్నారు, మీ మనసు నాకు తెలీదా అన్నాడు. వేళ్ళు చూపించాను. వయసైతే ఎవరికైనా తిమ్మిరి ఉంటుందన్నాడు. నేను వదల్లేదు. చివరికి, సరే, ఆ మూడిట్లో ఒకటి విప్పి మీరే మళ్ళీ పేర్చండి, మూడొందలు దాటితే వాణ్ణి నేనే పిలిపిస్తాను, ఇది నా మాట, అన్నాడు."

మీటరమ్మ ఆలోచించింది. "అయితే మంచిదేగా మావయ్యా. దాటుతుంది."

"దాటుతుంది" అన్నారు మావగారు. పేర్చిన కోరు బాగా రాకూడదని కోరుకోవడం ఆ ఇద్దరికీ అదే మొదలు.

*

గురువారం పొద్దున్నే కప్పీతో కోరును ట్యాంకులోంచి పైకి లేపారు. నూనె సన్నటి ధారలుగా కారి, ధారలు బొట్లయి, బొట్లు ఆగేదాకా గంట పట్టింది. మావగారు బోల్టులు వదులు చేసి, పై పట్టె రేకులు ఊడదీసి, గుడ్డ పరిచి వరసగా పెట్టారు. అంచుల మీద సుత్తి దెబ్బలు వెండి మచ్చల్లా మెరుస్తున్నాయి. పాడైనవి పక్కన పెట్టి, స్టోరులోంచి మంచివి తీసుకున్నారు. అలవాటైన పని, ఎవరూ చెప్పనక్కర్లేదు.

దూర్చడం మొదలుపెట్టాక ఇనప సుత్తి అందుకున్నారు. రెండు రేకులు పెట్టి, ఠంగుమని ఒకటి వేశారు. మరో రెండు పెట్టారు. సుత్తి ఎత్తి, అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"మావయ్యా?" మీటరమ్మ ఆరోజు పరీక్షలేమీ లేక ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"తెలియక కొట్టినన్నాళ్ళు కొట్టాను. తెలిసి ఎలా కొట్టేది?"

సుత్తి కింద పెట్టారు. ఆ నాలుగు రేకులూ బయటికి లాగి అంచులు చూశారు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటే ఆయనకు దెబ్బ కనిపించింది. వాటిని పక్కకు తోసి, మంచివి నాలుగు తీసుకుని, చేతి మడమతో నెమ్మదిగా లోపలికి నెట్టారు. బొటనవేలు మూల మీద రాశారు. మళ్ళీ రాశారు. దాని వల్ల ప్రయోజనం లేదని తెలిసినా ఆ వేలు దాని పని అది చేస్తూనే ఉంది.

"ఓసారి ఇక్కడ వేలు పెట్టమ్మా. సందుందా?"

లేదని చెబితే సరిపోయేది. అలా పది పదిహేను చోట్ల లేదు లేదు అంటే, రేపు ముల్లు మూడు వందలు దాటేది, తాబేలు తిరిగి వచ్చేవాడు. మీటరమ్మకు ఆ లెక్క తెలియక కాదు. కానీ మొన్న ఒకసారి తెలిసింది తెలియదని చెప్పింది, దాని రుచి ఇంకా నోట్లోంచి పోలేదు. పైగా వేలి కింద సందు ఉంది. ఉన్నదాన్ని లేదనడం ఆమె చేతకాదు.

"ఉంది మావయ్యా. గోరు దిగుతోంది."

ఆయన నెట్టారు. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

"ఇప్పుడు?"

"లేదు."

మధ్యాహ్నం దాకా ఇలాగే సాగింది. ఆయన రేకు పెడతారు, ఆమె చూపుడువేలు మూల మీద తిరుగుతుంది, ఆయన రేకు వైపు కాకుండా ఆమె ముఖం వైపు చూస్తారు. ఎందుకు చేస్తున్నారో ఇద్దరూ మరిచిపోయారు. పని కుదిరినప్పుడు మనిషికి కలిగే సంతోషం వాళ్ళకూ కలిగింది. అది నిజం, అందుకు తర్వాత ఎంత బాధపడ్డా సరే.

రెండింటికి తాబేలు వచ్చాడు, తన సామాను తీసుకెళ్ళడానికి. సంచీలో ఆకురాళ్ళు, పాత చొక్కా, టిఫిను గిన్నె సర్దుకుని, కర్ర సుత్తి చేతిలో పట్టుకుని వెళ్తూ వాళ్ళ దగ్గర ఆగాడు. ముసలాయన చూపు ఎక్కడుందో, ఆమె వేలు ఎక్కడుందో చూశాడు. పక్కకు తోసిన రేకుల అంచులూ చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే అతనికి మొత్తం అర్థమైంది.

మీటరమ్మ లేవబోయింది. "అన్నయ్యా, మొన్న నేను..."

"ఆ ఎడమ మూల ఇంకాస్త లోపలికి పోవాలి పెద్దాయనా" అన్నాడు అతను. సంచీ దించి, మోకాళ్ళ మీద కూర్చుని, కర్ర సుత్తితో ఒకటి, తర్వాత ఇంకా నెమ్మదిగా మరొకటి వేశాడు. "ఇప్పుడు చూడమ్మా."

ఆమె వేలు పెట్టింది. రెండు రేకులు కలిసినచోటు ఎక్కడుందో కూడా తెలియనంత నున్నగా ఉంది.

మావగారు ఇక ఉండబట్టలేకపోయారు. "ఇది మూడొందలు దాటితే నిన్ను వెనక్కి పిలుస్తానన్నాడయ్యా."

తాబేలు కోరును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. అంచు వెంబడి ఒకసారి అరచెయ్యి నడిపించాడు.

"దాటదు" అన్నాడు. "ఇంత బాగా కూర్చున్నాక ఎలా దాటుతుంది?"

అతను లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. కర్ర సుత్తిని మాత్రం రేకుల పక్కన గుడ్డ మీద పెట్టాడు. "ఇది ఉంచండి. ఇనపదాంతో వద్దు." గేటు దాకా తలొంచుకునే వెళ్ళాడు, అతని నడకే అంత. మావగారు ఇనప సుత్తి చేతిలోకి తీసుకున్నారు. ముల్లు మూడు వందలు దాటడానికి నాలుగంటే నాలుగు దెబ్బలు చాలు. కాసేపు దాని బరువు చూస్తున్నట్టు పట్టుకుని, దాన్ని బల్ల కిందికి తోసేసి, బోల్టులు బిగించడం మొదలుపెట్టారు. మీటరమ్మ ఆయన్ను ఆపలేదు, అలా అని కొట్టమనీ అనలేదు.

*

రాత్రంతా ఓవెన్‌లో ఆరిన కోరును శుక్రవారం ట్యాంకులో దించి నూనె పోశారు. మధ్యాహ్నం మీటరమ్మ స్విచ్చు వేసింది. గుయ్యిమనే చప్పుడు వినీ వినపడనట్టుంది. ముల్లు లేచి, తొందరేమీ లేనట్టు రెండు వందల యాభై ఒకటి దగ్గర నిలిచింది. గాజు మీద తట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

ఓనరు స్వయంగా వచ్చి చూశాడు. "నేను చెప్పలేదూ? పెద్దాయన చెయ్యంటే చెయ్యే" అని షెడ్డు మొత్తానికీ టీ తెప్పించాడు. ఆయన గదిలోకి వెళ్ళాక మీటరమ్మ వెంటనే వెనకే వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"సార్, ట్యాగులు నేను సరిగ్గానే కట్టాను. గుర్తు లేదని మొన్న చెప్పింది అబద్ధం. నిన్న రేకులు పెట్టింది మావయ్యే గానీ చూసిన వేళ్ళు నావి. ఆయన చేతుల్లో స్పర్శ లేదు. కావాలంటే ఆ మొదటి రేకులు బయటే ఉన్నాయి, దెబ్బలు చూడండి."

ఓనరు ఆమె చూపించినవైపు తల తిప్పాడు. అద్దంలోంచి షెడ్డు కనిపిస్తోంది. అందరూ పొగలు కక్కే టీ గ్లాసుల్ని అంచు దగ్గర రెండు వేళ్ళతోనో, గుడ్డతోనో పట్టుకుని ఊదుకుంటున్నారు. పెద్దాయన ఒక్కరే గ్లాసును గుప్పిట్లో నిండుగా పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడ్డారు. ఓనరు చాలాసేపు చూశాడు. చూసి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముఖంలో సంతోషమంతా ఇంకిపోయింది.

"ఆఫీసుకి ఉత్తరం వెళ్ళిపోయిందమ్మాయ్."

"ఎప్పుడు సార్?"

"బుధవారం సాయంత్రం."

అంటే పట్టె విప్పకముందే. మూడొందలు దాటితే పిలిపిస్తానని మాట ఇచ్చిన రోజే. ఆ పందెంలో గెలుపోటములు లేనేలేవని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఇంకో ఉత్తరం రాయొచ్చు కదా సార్."

"ఏమని రాయను? బాధ్యుడు వాడు కాదు, ఇంకొకరు అనా? మీ షెడ్డులో ఎవరేం చేస్తున్నారో మీకే తెలీదా అంటారు. పని ఆగితే ముప్ఫై మంది రోడ్డున పడతారు." ఆయన గొంతులో దబాయింపు లేదు, బతిమాలుతున్నట్టుంది. "పెద్దాయన్ని ఈ వయసులో నేను బయటికి పంపగలనా చెప్పు. మిగిలినవి రెండూ కూడా ఇలాగే విప్పి కట్టేయండి. నువ్వు పక్కన కూర్చో. నీ మీటరు అబద్ధం చెప్పదుగా, ఎంతొస్తే అంతే రాయి. నేను ఒక్క అంకె కూడా మార్చమనను."

మార్చమనలేదు. మార్చాల్సిన పనే లేకుండా పోయింది. మీటరమ్మ తిరిగి వచ్చి కాగితం మీద రెండు వందల యాభై ఒకటి అని రాసింది. నూటికి నూరుపాళ్ళూ నిజమైన అంకె. పెద్దాయన చెయ్యి బాగుందని, తప్పు తాబేలుదేనని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడా దొరకదు. సాయంత్రం ఇద్దరూ బడి ముందునుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళారు.

మళ్ళీ సోమవారం రెండో కోరు పరీక్షకు వచ్చింది. రెండు వందల యాభై ఎనిమిది. అంకె వేశాక ఆమె పెన్ను పక్క గడిలో ఆగింది. అక్కడ "రేకులు పేర్చినవారు" అని అచ్చు వేసి ఉంటుంది, కింద నంబరు వేయాలి. హాజరుపట్టీలో ఆమె నంబరు తొమ్మిది. ఆమె తొమ్మిది అని రాసి, కింద సంతకం పెట్టి, గుమాస్తా చేతికిచ్చి పంపింది. దాని వల్ల ఏమవుతుందో ఆమె ఆలోచించుకోలేదు. ఎవరో ఒకరు పిలిచి ఇదేమిటని అడుగుతారని, అడిగితే ఈసారి అందరి ముందూ గట్టిగా చెప్పొచ్చని మాత్రం అనుకుంది.

ఎవరూ పిలవలేదు. మూడింటికి కాగితమే తిరిగి వచ్చింది. తొమ్మిది మీద ఎర్రగీత, పక్కన ఒకటి అంకె. కింద ఓనరు చేతిరాత, పొందికగా, కోపం లేకుండా ఉంది. "ట్యాగులు జాగ్రత్తగా చూసి రాయవలెను."

ఆమె కాగితాన్ని మిగతావాటితో కలిపి ఫైలులో పెట్టి, మీటరు మీద గుడ్డ కప్పి బయటికి వచ్చింది. షెడ్డులో మావగారు మూడో కోరు ముందు, తాబేలు కర్ర సుత్తి ఒళ్ళో పెట్టుకుని, ఆమె వేళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు.